రాత్రి 10కి అందరి కార్లూ ఒకేసారి ఛార్జింగ్‌కి, 10:12కి బేస్‌మెంట్ అంతా చీకటి (బెంగళూరు అపార్ట్‌మెంట్ వాళ్ళు చదవండి)

హరలూర్_హరి | మంగళవారం, ఉదయం 8:10

స్నానం చేయకుండా ఆఫీసుకి బయల్దేరాను. అది కూడా నా కారులో కాదు, ఆటోలో. కొంచెం చిరాగ్గా రాస్తే ఏమనుకోకండి.

మాది హరలూర్ రోడ్డు దగ్గర 212 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇప్పటికి 14 మంది కార్ ఛార్జర్లు పెట్టుకున్నాం. అన్నీ 7.2 కిలోవాట్లవి. అన్నిటికీ కలిపి బేస్‌మెంట్ ప్యానెల్‌లో ఒకటే 160 ఆంపియర్ల ఎంసీసీబీ (లోడు మించితే తనంతట తనే పడిపోయే పెద్ద బ్రేకర్). బేస్‌మెంట్ లైట్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, పైట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు కూడా దాని మీదే.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. పోయిన నెల ఒకరోజు రాత్రి ఎనిమిదింటప్పుడు ట్రిప్ అయింది. మర్నాడే లిఫ్టులో నోటీసు: "గ్రిడ్ మీద భారం తగ్గించడానికి ఈవీ ఛార్జింగ్ రాత్రి 10 తర్వాత మాత్రమే." సరే, న్యాయమే కదా అని అందరం బుద్ధిగా యాప్‌లో 10:00 అని టైమర్ పెట్టుకున్నాం. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు ట్రిప్! పది కొట్టగానే కాదు, పది దాటి పది పన్నెండు నిమిషాలకి. వాచ్‌మన్ వెళ్ళి లివర్ ఎత్తుతాడు, మళ్ళీ పడుతుంది. నిన్న రెండోసారి పడ్డాక ఆయనా విసిగిపోయి వదిలేశాడు. రాత్రంతా మోటారు తిరగలేదు. పొద్దున ఆరింటికి ట్యాంకు ఖాళీ. వాట్సాప్ గ్రూపులో ఈవీ ఉన్నవాళ్ళందరినీ నీళ్ళ దొంగల్లా చూస్తున్నారు. నా కారు 19 శాతం దగ్గర నిలబడి ఉంది.

గ్రిడ్‌కి మేలు చేద్దామని రాత్రికి మార్చుకుంటే ఇలా ఎందుకవుతోంది? కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటున్నారు, ఖర్చు ఈవీ వాళ్ళే భరించాలట. ఎవరికైనా అనుభవం ఉందా?

పెట్రోల్_ప్రసాద్ | మంగళవారం, ఉదయం 8:31

మా బండికి బంకులో మూడు నిమిషాలు. స్నానం కూడా చేశాను 😀

వరంగల్_వేణు | మంగళవారం, ఉదయం 9:05

హరి అన్నా, నీ పోస్టు చదువుతుంటే మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ యాదికొచ్చింది. నవ్వొద్దు, సంగతి అదే.

మా నాయన బోరుకి ఆటో స్టార్టర్ ఉండేది. ఊళ్ళో అందరికీ ఉండేది. కరెంటు ఏ రాత్రి రెండింటికో వచ్చేది, లేచి పోయే పని లేకుండా మోటారు తనంతట తనే ఎక్కేది. అది ఒక్క రైతుకి సుఖమే. కానీ కరెంటు వచ్చిన ఆ సెకనులో ఊళ్ళో ముప్పై మోటార్లు ఒక్కసారిగా ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలె? సీజన్‌కి రెండుసార్లు కాలేది. కాలినదాన్ని ట్రాక్టర్ మీద వేసుకుని రిపేరు సెంటర్‌కి తీసుకుపోవడం, తలా ఇంత చందాలు, అది తిరిగొచ్చేదాకా పొలం ఎండుడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు "ఆటో స్టార్టర్లు తీసెయ్యండి" అని అధికారులు ఊరూరా తిరిగింది ఇందుకే.

మీ 10 గంటల టైమర్ అచ్చం ఆటో స్టార్టరే. నోటీసు పెట్టకముందు ఒకాయన ఏడింటికి, ఒకామె తొమ్మిదింటికి, ఇంకొకరు పదకొండింటికి పెట్టుకునేవాళ్ళు, కాబట్టి నడిచింది. ఇప్పుడు అందరినీ ఒక్క గీత మీద నిలబెట్టి విజిల్ కొట్టారు.

రిటైర్డ్_ఏఈ | మంగళవారం, ఉదయం 11:20

వేణు బాబు చెప్పింది సరైన మాట. నేను ఆంధ్రాలో డిస్ట్రిబ్యూషన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. ఇప్పుడు కాడుగోడిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మోటారు ఎక్కేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, కారు ఛార్జర్ అలా లాగదు, ఆ తేడా ఒకటుంది. కానీ మోటారు ఆ లాగుడు కొన్ని సెకన్లే. కారు ఎక్కిన లోడు మూడు నాలుగు గంటలు దిగదు.

హరి గారూ, పది దాటాక పన్నెండు నిమిషాలకి పడుతోందన్నారు చూడండి, మీ పోస్టులో అసలు విషయం అదే. షార్ట్ సర్క్యూట్ అయితే క్షణంలో పడుతుంది. నిదానంగా పడిందంటే లోపలి బైమెటల్ పట్టీ వేడెక్కి వంగిందన్నమాట. అది ఓవర్‌లోడ్. పడిన వెంటనే లివర్ ఎత్తితే నిలబడకపోవడానికీ కారణం అదే, పట్టీ చల్లారాలి.

ట్రాన్స్‌ఫార్మర్ గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఈ రాత్రి 10 గంటల 5 నిమిషాలకి మీ ఎలక్ట్రీషియన్‌తో టాంగ్ టెస్టర్ (కేబుల్ చుట్టూ పట్టి కరెంటు కొలిచే సాధనం) పట్టించి మూడు ఫేజులూ విడివిడిగా కొలిపించండి. ఏ ఛార్జర్ ఏ ఫేజు మీద ఉందో కాగితం మీద రాయించండి. నాకొక అనుమానం ఉంది.

స్కూటర్_శ్రావణి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

కార్ల వాళ్ళ మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది బీటీఎంలో అద్దె ఇల్లు, ఫస్ట్ ఫ్లోర్. స్కూటర్ బ్యాటరీ 3.7 కిలోవాట్ అవర్. వంటింటి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కిందికి వేలాడదీసి ఛార్జ్ చేస్తున్నా. గృహజ్యోతి కింద నాకు బిల్లు సున్నా వచ్చేది, నెలకి 160, 165 యూనిట్లు అయ్యేవి. స్కూటర్ వచ్చాక 208 అయింది. 200 దాటితే 8 యూనిట్లకి కాదు, మొత్తం 208కీ కట్టాలట! ఓనర్ ఆంటీ ఏమో "నీ బండి వల్ల మీటరు కాలిపోతుంది" అంటోంది. ఏం చేయాలి?

హరలూర్_హరి | మంగళవారం, రాత్రి 10:40

ఏఈ గారూ, కొలిచాం. నిన్న ఎవరి బండీ ఎక్కలేదు కదా, ఈరోజు 14 మందీ ఠంచనుగా 10కి హాజరు. రీడింగులు ఇవి:

ఆర్ ఫేజు 227 ఆంపియర్లు
వై ఫేజు 130
బీ ఫేజు 98

ఆర్ మీద 7 ఛార్జర్లు, వై మీద 4, బీ మీద 3. మొదట్లో ఎవరో చేతికి దగ్గరగా ఉన్న బస్‌బార్‌కి (ప్యానెల్‌లో కరెంటు పంచే లోహపు పట్టీ) తగిలించుకుంటూ పోయారట. ఎలక్ట్రీషియన్ కేబుల్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "సార్, ఇడ్లీ పాత్ర మూతలా ఉంది" అన్నాడు. నాలుగు కార్లు ఆపించాం, ఈ రాత్రికి పడలేదు.

రిటైర్డ్_ఏఈ | బుధవారం, ఉదయం 6:05

అనుమానం నిజమైంది. 160 ఆంపియర్ల బ్రేకర్‌లో ఒక ఫేజు మీద 227 పోతోంది, దాదాపు 140 శాతం. పక్కనే బీ ఫేజు మూడో వంతుకి పైగా ఖాళీ. మీ బ్రేకర్ తన పని తాను బాగానే చేస్తోంది, దాన్ని తిట్టకండి. దయచేసి "పెద్ద సైజు బ్రేకర్ వేస్తే పోలా" అనే సలహా మాత్రం వినకండి. కేబుల్ మార్చకుండా బ్రేకర్ పెంచితే ఈసారి పడేది బ్రేకర్ కాదు, కేబుల్ తగలబడుతుంది.

ఛార్జర్లను 5, 5, 4గా పంచినా పని పూర్తికాదు. ఒక్కోటి 32 ఆంపియర్లు. ఐదు ముప్పైరెళ్ళు 160. అంటే అంచు దాకా నిండినట్టే. గంటల తరబడి నడిచే లోడుకి బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం మించకూడదు, అంటే 128. మీ బేస్‌మెంట్ వేడిలో ఇంకా తక్కువే చూసుకోవాలి.

ఇప్పుడు మీరంతా ఒక లెక్క వేయండి. బెంగళూరులో రోజుకి ఎంత తిరుగుతారు? 35 కిలోమీటర్లు అనుకోండి. యూనిట్‌కి 7 కిలోమీటర్లు వస్తే రోజుకి 5 యూనిట్లు. 14 కార్లకీ 70 యూనిట్లు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఎనిమిది గంటల మీద పరిస్తే సగటున 9 కిలోవాట్లు కూడా కాదు. మీరు పదింటికి లాగుతున్నది 100 కిలోవాట్లు! కావలసింది గ్లాసుడు నీళ్ళయితే ఫైరింజన్ పైపు పట్టుకొచ్చారు. దీనికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దేనికి?

తెల్లకారు_తేజ | బుధవారం, ఉదయం 9:48

సార్, గౌరవంతోనే అడుగుతున్నా. నేను 7.2 ఛార్జర్‌కి అదనంగా డబ్బు కట్టాను. రాత్రంతా పరచడం కోసం దాన్ని సగం స్పీడ్‌లో ఎందుకు నడపాలి? సగటు లెక్కలు సగటు రోజులకే. శుక్రవారం రాత్రి తిరుపతి బయల్దేరాలంటే అప్పుడేం చేయాలి?

ఛార్జర్_ఓబులేశు | బుధవారం, ఉదయం 10:30

నేను ఈ ఛార్జర్ల ఫీల్డులోనే పనిచేస్తా. తేజ బ్రో ప్రశ్న న్యాయమైందే, అందరూ అడిగేదే.

కారుకి ఎంత కరెంటు తీసుకోవాలో చెప్పేది ఛార్జరే. ప్లగ్గులో పెద్ద పిన్నులతో పాటు ఒక చిన్న పిన్ను ఉంటుంది, కంట్రోల్ పైలట్ అంటారు. దాని మీద వెళ్ళే సిగ్నల్‌తో ఛార్జర్ "నీకు 32 దాకా ఇస్తా" అనో, "ఇప్పటికి 10తో సరిపెట్టుకో" అనో చెబుతూ ఉంటుంది. నడుస్తుండగానే మార్చొచ్చు. ప్రమాణం ప్రకారం కింది హద్దు 6 ఆంపియర్లు. ఆ 6 మీద కూడా రాత్రి ఎనిమిది గంటల్లో 11 యూనిట్లు ఎక్కుతాయి, అంటే 75 కిలోమీటర్లు. 16 ఆంపియర్లకి పెడితే 29 యూనిట్లు, 200 కిలోమీటర్లు. 16తోనే చాలామందికి తెల్లారేసరికి నిండిపోతుంది.

దీన్నే యంత్రానికి అప్పగిస్తే లోడ్ మేనేజ్‌మెంట్. ప్యానెల్ దగ్గర మూడు ఫేజులకీ సీటీలు (ఎంత కరెంటు పోతోందో కొలిచే రింగులు) తగిలిస్తారు. ఒక చిన్న కంట్రోలర్ "మోటారు ఎక్కింది, ఇంకా ఇంతే మిగిలింది" అని చూసుకుంటూ ఆ మిగిలినదాన్ని కార్లకి పంచుతుంది. ఇద్దరే ఉంటే ఇద్దరికీ 32. పద్నాలుగు మంది వస్తే తలా కొంచెం. తిరుపతి వెళ్ళే తేజకి ఆ రోజు ఎక్కువ. మీ ఛార్జర్లు ఓసీపీపీ అనే ఉమ్మడి భాష మాట్లాడేవి అయితేనే వేర్వేరు కంపెనీలవి ఒక కంట్రోలర్ కిందికి వస్తాయి. కొనేముందు అందరూ అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. కానీ ఎవరూ అడగరు, రంగు అడుగుతారు.

15 ఆంపియర్ల సాకెట్‌కి గుచ్చుకునే వాళ్ళకి ఈ సౌకర్యం లేదు. అక్కడ ఆన్ లేదా ఆఫ్, అంతే.

రీడింగ్_రాజు | బుధవారం, మధ్యాహ్నం 2:55

ఇంగ్లండ్ నుంచి. వేణు గారి ఆటో స్టార్టర్ పోలిక చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. ఇక్కడ దీనికి ఏకంగా చట్టమే ఉంది. 2022 జూన్ 30 నుంచి కొత్తగా అమ్మే ఇంటి ఛార్జర్లలో పనిదినాల్లో ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా ఛార్జ్ చేయకుండా ముందే సెట్ చేసి ఇవ్వాలి. కావాలంటే మనం మార్చుకోవచ్చు. రెండో నియమం ఇంకా బాగుంటుంది. టైమర్ మోగినా వెంటనే మొదలెట్టదు. ప్రతి ఛార్జరూ తనకు తోచినంత సేపు, మామూలుగా 10 నిమిషాల లోపు, ఆగి మొదలెడుతుంది. నాది నిన్న నాలుగు నిమిషాలు ఆగింది, మొన్న తొమ్మిది. చౌక రేటు మొదలయ్యే క్షణంలో దేశమంతా ఒకేసారి ఎక్కకూడదని. మొదట్లో నేను ఛార్జర్ పాడైందనుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

హిందూపురం_సుధ | బుధవారం, సాయంత్రం 6:20

ఇంతమందీ రాత్రి రాత్రి అంటున్నారు, నాకొకటి అర్థం కావట్లేదు. కర్ణాటకలో ఇప్పుడు కరెంటు దండిగా ఉండేది మధ్యాహ్నం కదా? మా ఊరికి దగ్గరే పావగడ. అక్కడ 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు. రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకి తీసుకున్నారు, మా చుట్టాలదీ కొంత ఉంది. సాయంత్రం ఆరయ్యేసరికి అదంతా పడుకుంటుంది. సరిగ్గా అప్పుడే మనం ఇంటికొచ్చి లైట్లు, ఏసీలు, కార్లు అన్నీ తగిలిస్తాం. సోలార్ పోను మిగిలిన కరెంటు అవసరాన్ని గంట గంటకీ గీస్తే వచ్చే గీతకి కాలిఫోర్నియా వాళ్ళు పదేళ్ళ కిందటే బాతు బొమ్మ అని పేరు పెట్టారు. పగలు పొట్ట జారి, సాయంత్రం మెడ నిటారుగా లేస్తుంది. 2023లో వానల్లేక లింగనమక్కి జలాశయం నిండలేదు, అక్టోబర్‌లో ఎంత ఇబ్బంది పడ్డామో గుర్తుందిగా. సాయంత్రం మెడని మోసేది ఆ జలవిద్యుత్తే మరి.

కేంద్రం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లకి ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు సగటు ఖర్చులో 0.7 వంతుకి, మిగతా వేళల్లో 1.3 వంతుకి ఇమ్మన్నారు. అంటే పగలు పెట్టుకోమనే కదా. ఆఫీసు పార్కింగుల్లో ఛార్జర్లు పెడితే మీ బేస్‌మెంట్ గొడవే ఉండదు.

రిటైర్డ్_ఏఈ | బుధవారం, రాత్రి 8:10

సుధమ్మా, నువ్వన్నది నిజం, హరి గారి గొడవా నిజం. రెండూ వేరే వేరే గ్రిడ్ల సంగతి. రాష్ట్రం మొత్తానికి కరెంటు చాలుతుందా అనేది ఒకటి. దానికి మధ్యాహ్నం మంచిది, అర్ధరాత్రి పరవాలేదు, సాయంత్రం ఏడు నుంచి పది మాత్రం వద్దు. మీ గేటు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్, దాని కిందున్న కేబుల్, ప్యానెల్ సంగతి రెండోది. పావగడలో ఎన్ని మెగావాట్లున్నా ఆర్ ఫేజు మీద 227 పోనిస్తే మీ బ్రేకర్ పడుతుంది.

రాత్రి గురించి ఇంకో మాట. ట్రాన్స్‌ఫార్మర్ పగలంతా కాగి, రాత్రి చల్లారుతుంది. ఆ చల్లారడం మీదే దాని ఆయుష్షు. వైండింగ్ (లోపలి తీగచుట్ట) వేడి ఆరు డిగ్రీలు పెరిగితే దానికి చుట్టిన ఇన్సులేషన్ కాగితం ఆయుష్షు సగమవుతుందని మా లెక్క. కార్లన్నీ రాత్రికే వస్తే దానికి విశ్రాంతి ఉండదు. అందుకే "10 తర్వాత" అని కాదు, "10కీ 6కీ మధ్య పరిచి" అని రాయాలి నోటీసులో. ఒక్క మాట తేడా.

శ్రావణీ, నీ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమాలు సవరించారు, ఈవీ ఛార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడగొచ్చు. కర్ణాటకలో ఈవీకి వేరే టారిఫ్ కేటగిరీ కూడా ఉంది. కానీ స్కూటర్ ఒక్కదానికి విడి మీటరు, దాని ఫిక్స్‌డ్ చార్జీలు నీకు గిట్టవు. వారానికి రెండు రోజులు ఆఫీసులో పెట్టుకో, 200 లోపు ఉంటావు. మీటరు కాలదు, స్కూటర్ ఛార్జర్ లాగేది నీ గీజర్‌లో సగం కూడా ఉండదని ఓనర్ గారికి చెప్పు. కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఈరోజే తీసెయ్యి తల్లీ. వానలో అది ప్రాణం మీదికొస్తుంది.

క్యాబ్_కేశవ | గురువారం, రాత్రి 1:25

ఇప్పుడే ఎయిర్‌పోర్ట్ డ్రాప్ చేసి వచ్చినా. మాది మదనపల్లి పక్క. ఈవీ క్యాబ్ నడుపుతా. సార్లంతా 16 ఆంపియర్లు, 6 ఆంపియర్లు అంటాండారు. మీకు రోజుకి 35 కిలోమీటర్లు, నాకు 200 పైన. ఒంటిగంటకి వస్తా, ఐదింటికి మళ్ళీ పోవాల. నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ నాకు సగమే ఇస్తే పొద్దున మళ్ళీ బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర లైను, ఇంటి రేటుకి రెండింతలు పైన. అందరికీ సమానంగా పంచేది నాకు నష్టమే. మా అపార్ట్‌మెంట్లో ఇదే చేసినారు, నోరెత్తితే "కమర్షియల్ బండి నువ్వు" అన్నారు.

వరంగల్_వేణు | గురువారం, ఉదయం 8:50

కేశవన్నా, నువ్వు చెప్పింది ఇంతవరకు ఎవరికీ తట్టలే. మీటరుకి డబ్బు కట్టేటప్పుడు కమర్షియలా కాదా అని ఎవరూ అడగరు గదా. పొద్దుగాల ఎనిమిదింటికి పోయే కారు పదింటికే ఎందుకు నిండాలె? ఎవరు ముందు బయల్దేరతారో వాళ్ళకి ముందు. రోజూ ఆంపియర్లు పంచుడు గాదు, పోయే టైం అడగాలె.

తెల్లకారు_తేజ | గురువారం, ఉదయం 9:15

ఒప్పుకుంటున్నా. నా కారు రోజూ 11:30కే నిండిపోయి పొద్దున 9 దాకా ఊరికే నిలబడి ఉంటోంది. యాప్‌లో ఇప్పుడే చూశాను.

కార్ల నుంచి గ్రిడ్‌కి కరెంటు వెనక్కి పంపొచ్చంటారు కదా, దాని సంగతేంటి?

ఛార్జర్_ఓబులేశు | గురువారం, ఉదయం 9:40

దానికి కారు, ఛార్జరు, మీటరు, నియమాలు నాలుగూ రెండువైపులా పనిచేసేవి కావాలి. మీ బేస్‌మెంట్‌లో ఉన్న ఏసీ ఛార్జర్లు ఒకవైపే. ఇప్పటికి దాని గురించి యూట్యూబ్‌లో చూడటం వరకే.

దానికన్నా ముందు ఒకటి చూసుకోండి: కరెంటు పోయి జనరేటర్ వచ్చినప్పుడు మీ ఛార్జర్లు ఆగుతున్నాయా? లీటరు డీజిల్‌కి వచ్చేది మూడు మూడున్నర యూనిట్లు. దాంతో కారు నింపడమంటే పెట్రోల్ ప్రసాద్ గారు మన మీద నవ్వడం సబబే. జనరేటర్ మీద ఉన్నప్పుడు ఛార్జర్ల లైను కట్ అయ్యేలా ఒక కాంటాక్టర్ పెట్టించండి.

పెట్రోల్_ప్రసాద్ | గురువారం, ఉదయం 10:02

నేను నవ్వట్లేదండీ. మా దగ్గర కూడా పొద్దున్నుంచి నీళ్ళు లేవు. మాకు ఒక్క ఈవీ కూడా లేదు.

హరలూర్_హరి | పదహారు రోజుల తర్వాత, శనివారం

అప్‌డేట్ ఇవ్వకుండా మాయమైపోయే వాళ్ళలో నేనూ ఒకణ్ణి అవుతానేమోనని కూర్చుని రాస్తున్నా.

ఆర్ మీద నుంచి రెండు ఛార్జర్లు తీసి ఒకటి వైకి, ఒకటి బీకి మార్చాం. ఇప్పుడు 5, 5, 4. ఎలక్ట్రీషియన్ 800 తీసుకున్నాడు. ప్రతి ఛార్జర్‌లో గరిష్ఠం 16 ఆంపియర్లకి దించాం. పదమూడింటికే. మా దగ్గర ఒక డాక్టరమ్మ ఉన్నారు, కేశవ లాగే వేళాపాళా లేని డ్యూటీ. ఆవిడది 32లోనే ఉంచాం, అది వై మీద ఉంది. ఎవరికైనా ఊరెళ్ళే పనుంటే సాయంత్రం గ్రూపులో చెబితే ఆ ఒక్క రాత్రికి ఇద్దరం ఆపుకుంటున్నాం. ఇప్పటికి రెండుసార్లు అవసరం పడింది, ఒకటి తిరుపతి, ఒకటి పురుడు.

నోటీసు తీసేసి ఏఈ గారు చెప్పినట్టు రాశాం. టైమర్లు ఒక్కొక్కరికి ఒక్కో టైం, ఫ్లాట్ నంబర్ చివరి అంకె ప్రకారం. చివర 0 అయితే 10:00, 1 అయితే 10:15, అలా 12:15 దాకా. నీళ్ళ మోటారు 10 లోపే తిరిగి ఆగిపోతుంది. కంట్రోలర్ పెట్టడం గురించి జనరల్ బాడీలో మాట్లాడాలి. మా ఛార్జర్లలో తొమ్మిదే ఓసీపీపీ ఉన్నవని తేలింది. ఓబులేశు గారూ, అవును, నేను కూడా రంగే అడిగాను.

పదహారు రోజుల్లో ఒక్క ట్రిప్ లేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మాట ఎవరూ ఎత్తట్లేదు. మొన్న రాత్రి నేనే టాంగ్ టెస్టర్ కొనుక్కుని వెళ్ళి కొలిచాను. వాచ్‌మన్ పక్కన టార్చ్ పట్టుకున్నాడు. ఆర్ 82, వై 97, బీ 65.

నిన్న పదిహేనో ఛార్జర్‌కి అప్లికేషన్ వచ్చింది. ఏ ఫేజుకి తగిలించమంటారు సార్ అని ఎలక్ట్రీషియన్ నన్నే అడిగాడు. బీ అన్నాను.